ఉల్లెడకు పోయిన చీర

నీళ్ళు లేకుండా బట్టలు ఉతుకుతారన్న సంగతి భద్రమ్మ చెవిన పడింది పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరంలో, చలి ఇంకా పూర్తిగా పోనప్పుడు. చెప్పినవాడు ఒక వకీలు గుమాస్తా. నల్లకోటు ఒకటి తెచ్చి లాండ్రీ బల్ల మీద పెట్టి, "దీనికి నీళ్ళు తాకియ్యకు. జర దులిపి ఇస్త్రీ చేస్తె సాలు. మా వకీలు సాబ్ పట్నం పోయినప్పుడు పెట్రోలు వాష్ చేయిస్తడు" అన్నాడు.

"పెట్రోలంటె మోటర్ల పోసేదేనా?"

"గదే."

"మోటర్ల పోసేది బట్ట మీద పోస్తె బట్ట అంటుకోదా?"

"నాకేం తెల్సు భద్రమ్మా. నీళ్ళు లేకుండ ఉతుకుతరట. గంతే."

గుమాస్తా తన దారిన తాను పోయాడు. మాట మాత్రం భద్రమ్మ దగ్గరే ఉండిపోయింది. కోటు కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చెమట వాసన, తలనూనె వాసన, కాగితాల దుమ్ము వాసన. పెట్రోలు వాసన ఎక్కడా లేదు. నీళ్ళు తగలని బట్టకు మురికి ఎట్లా పోతుంది? పోయిన మురికి ఎక్కడికి పోతుంది? రేవులో అయితే మురికి నీళ్ళలో కనిపిస్తుంది. కంటికి కనపడకుండా మురికి పోవడమంటే ఆమెకు అర్థం కాలేదు.

"నీకెందుకే గా ఫికరు?" అన్నాడు ఆమె మొగుడు బాలయ్య, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతూ. "మనకు నీళ్ళున్నయి, చేతులున్నయి."

"నీళ్ళున్నయి గాబట్టే అడుగుతాన. లేకుంటె ఎట్లనో తెల్వద్దా?"

భద్రమ్మ పుట్టింది చాకలివాళ్ళ ఇంట్లో, ఆత్మకూరు దిక్కు ఒక ఊళ్ళో. కాపురానికి పోయింది పక్క ఊరికే. అక్కడ వాళ్ళకు నలభై ఇళ్ళ వతను ఉండేది. అంటే ఆ నలభై ఇళ్ళ బట్టలూ వీళ్ళే ఉతకాలి. పంట చేతికొచ్చినప్పుడు కళ్ళంలో వాళ్ళ వాటా గింజలు వాళ్ళకు కొలిచేవారు. రోజూ సాయంత్రం గంప పట్టుకుని పోతే ఇంటికింత అన్నం, ఇంత కూర పెట్టేవారు. బట్టలకు గుర్తులు పెట్టే పని లేదు. చేత్తో తడిమితే ఏ ఇంటి బట్టో తెలిసిపోయేది. ఏ ఇంట్లో కోడలు నెల తప్పిందో, ఏ ఇంట్లో ముసలాయన మంచం పట్టాడో ఊరికంటే ముందు ఆమెకే తెలిసేది. తెలిసినా నోరు విప్పేది కాదు. అది వాళ్ళ అత్త నేర్పిన పద్ధతి.

తర్వాత నలభై ఇళ్ళు ఇరవై అయ్యాయి, ఇరవై పన్నెండయ్యాయి. బతుకుతెరువు కోసం కొందరు పాలమూరుకు, కొందరు హైదరాబాదుకు పోయారు. బట్టలు ఎక్కడికి పోతే చాకలివాళ్ళూ అక్కడికే పోవాలి. యాభై ఐదులో భద్రమ్మా బాలయ్యా పాలమూరు వచ్చి, స్టేషనుకు పోయే తొవ్వలో ఒక అర్ర కిరాయికి తీసుకుని, పైన "బాలయ్య లాండ్రీ" అని రేకు మీద రాయించి కట్టారు. ఇద్దరికీ చదువు రాదు. అందుకని ఒక్కో ఇంటికి నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన ఒక గుర్తు పెట్టేది భద్రమ్మ. మాస్టరు ఇంటికి మూడు చుక్కలు. వకీలు ఇంటికి త్రాసు. సావిత్రమ్మ ఇంటికి నాడె, మగ్గంలో అటూ ఇటూ ఆడుతుందే, అది.

ఆ సావిత్రమ్మది నేతపని ఇల్లు. పెనిమిటి వెంకటనర్సు చీరలు నేసేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడామె తమ్ముడి ఇంట్లో ఉంటూ మగ్గానికి ఆసులు తోడి, కండెలకు నూలు చుట్టి ఇచ్చేది. ఏడాదికి ఒకసారి, ఎండాకాలం మొదట్లో, ఒకే ఒక చీర తెచ్చి భద్రమ్మ చేతికి ఇచ్చేది. మీగడరంగు నూలు ఒళ్ళు, ఎర్రటి పట్టు అంచు. పెళ్ళయిన ఏడాది వెంకటనర్సు ఆమె కోసం నేసిన చీర. ఇప్పుడు ఆమె కట్టదు. పెట్టెలో పెట్టి ఉంచుతుంది. పురుగు పట్టకుండా ఏడాదికోసారి నీళ్ళు చూపించి, నీడన ఆరబెట్టి, మడతలు మార్చి పెట్టమంటుంది. మడత ఒకే చోట ఉంటే పట్టు చిట్లుతుందని ఆమెకు తెలుసు.

ఆ ఎండాకాలమే ఊళ్ళో ఒక మాట పుట్టింది. సర్కారు వాళ్ళు లాండ్రీలు నడిపేవాళ్ళకు పన్నెండు రోజులు పని నేర్పుతారట. బడికి సెలవులు కాబట్టి బళ్ళోనే కూర్చోబెట్టి చెబుతారట. హైదరాబాదు నుంచి సారు వస్తాడట. ఇంకా ముఖ్యమైన సంగతి, పెట్రోలు వాష్ చేసే పీపా ఒకటి తెచ్చి, పన్నెండో రోజు ఒక్క లాండ్రీకి ఇచ్చిపోతారట.

"నేను పోను. బల్ల మీద కూసోని పాఠం వింటె నడుము పడ్తది" అన్నాడు బాలయ్య.

"నేను పోత."

"ఆడిదానివి, గందరి మొగోళ్ళల్లనా?"

"రేవుల మొగోళ్ళు లేకుండెనా?"

మాటలో ఓడినప్పుడు బాలయ్య ఇస్త్రీపెట్టె ఊదుతాడు. ఊదాడు.

*

బళ్ళో పదిమంది మగవాళ్ళు, ఒక్క భద్రమ్మ. అందరికంటే ముందు బల్ల మీద కూర్చున్నవాడు స్టార్ లాండ్రీ మడేలయ్య. ఊళ్ళో గాజుతలుపు బీరువా ఉన్న లాండ్రీ ఆయనది ఒక్కటే.

"ఏం వదినె, బాలన్నను ఇంట్ల పెట్టి తాళమేసినవా?" అన్నాడు.

"లేదు మరిదీ. నువ్వు లేనప్పుడు నీ గిరాకీలను ఆయన చూసుకుంటాండు."

అందరూ నవ్వారు. మడేలయ్యా నవ్వాడు. మంచివాడే, కాకపోతే తనకు తెలియంది ఉంటుందని ఒప్పుకోడు.

నేర్పడానికి వచ్చిన సారు పేరు సీతారాములు. నల్లగొండ దిక్కు మనిషి, మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు. చొక్కా మోచేతుల దగ్గర మాసిక ఉన్నా ఇస్త్రీ మడత మాత్రం కత్తిలా ఉంది. మొదటి రోజు మాటలు ఎక్కువ చెప్పలేదు. నాలుగు దారప్పోగులు తీసి అగ్గిపుల్ల గీశాడు.

"చూడుండ్రి. ఇది ఏం వాసన?"

మొదటి పోగు కాగితం కాలిన వాసన వేసింది. నూలు. రెండోది వెంట్రుక కాలిన వాసన వేసింది. ఉన్ని. మూడోదీ అదే వాసన, కొంచెం సన్నగా. పట్టు. నాలుగోది కాలలేదు, కరిగి చిన్న పూసలా గట్టిపడింది.

"గిదేంది సారూ?" భద్రమ్మ లేచి దగ్గరికి వచ్చింది.

"టెరిలిన్. కొత్తగ వస్తాంది. మీ ఇస్త్రీపెట్టె జర వేడెక్కువైతె చొక్కా కూడ గిట్లనే పూస కడ్తది."

భద్రమ్మ ఆ పూసను గోటితో నొక్కి చూసి, కొంగు మూలన ముడి వేసుకుంది, ఇంటికి పోయి బాలయ్యకు చూపించాలని.

నాలుగో రోజు పీపా వచ్చింది. రేకు పీపా, పక్కన తిప్పే పిడి, పైన గట్టి మూత. సారు అందులో రంగులేని పెట్రోలు పోసి, నువ్వులనూనె మరక ఉన్న ఉన్ని గుడ్డ వేసి, మూత బిగించి తిప్పాడు. అందరూ మెడలు చాచారు. మడేలయ్య ఆదమరిచి చెవి సందులోంచి బీడీ తీసి అగ్గిపుల్ల గీయబోయాడు. సారు ఒక్క అరుపు అరిచాడు. మడేలయ్య బీడీతో సహా బయటికి ఉరికి, వేపచెట్టు దాకా పోయి ఆగాడు.

"మడేలన్న పీపాకంటె ముందు తానే అంటుకుంటుండె" అన్నారెవరో.

గుడ్డ తీసి గాలికి ఆరేస్తే గడియ సేపట్లో ఆరింది. నూనె మరక లేదు. భద్రమ్మ గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది, వాసన చూసింది, నాలుక కూడా ఆనించబోతే సారు ఆపాడు. తర్వాత ఆమె పీపాలోకి వంగింది. అడుగున పెట్రోలు పచ్చగా మారి ఉంది.

"ఇగో మురికి! గిండ్ల ఉన్నది!" అంది, తప్పిపోయిన మనిషి దొరికినట్టు.

"మరి చెమట మరక పోతదా సారూ?" అని అడిగింది తర్వాత.

సారు ఆమె వైపు చూశాడు. "ఎందుకడుగుతున్నవమ్మా?"

"చెమట నూనె కాదు గద. ఉప్పు. ఉప్పు నూనెల కరుగదు, నీళ్ళల్లనే కరుగుతది."

"ఇది నేను ఎనిమిదో రోజు చెప్పాల్సిన పాఠం" అన్నాడు సారు. "పోదు. నూనె మురికికి పెట్రోలు, నీటి మురికికి నీళ్ళు. ఏది ఏ మరకనో తెల్వకుంటె పీపా ఉండి లాభం లేదు."

ఆ రోజు నుంచి ఆ పీపా తనకు కావాలనిపించింది భద్రమ్మకు. వకీళ్ళ కోట్ల కోసమని బాలయ్యతో చెప్పింది. లోపలిమాట అది కాదు. ఆ పిడి పట్టుకుని, ఒక్కో రకం బట్ట వేసి, ఏ మరక ఎంతసేపటికి వదులుతుందో తన కళ్ళతో చూడాలి. అదీ ఆమె కోరిక.

పీపా ఎవరికి ఇస్తారో సారు ఐదో రోజు చెప్పాడు. "ఒకటి, పని రావాలె. రెండు, వచ్చే ఏడాది లాండ్రీ ఎట్ల నడుపుతరో నెలనెలకు ఆలోచించి చెప్పాలె. మూడు, ఆఖరి రోజు మీ గిరాకీలల్ల ఒకరొచ్చి, మా బట్ట వీళ్ళ దగ్గర పదిలంగ ఉంటదని పదిమందిల చెప్పాలె. పెట్రోలు వాష్‌కు వచ్చేటివి ఖరీదు బట్టలు. అవి లాండ్రీ దాటి బయటికి పోవద్దు. నమ్మకం లేని జాగాల పీపా పెట్టం."

ఎవరిని తీసుకురావాలో భద్రమ్మ ఆలోచించలేదు. ఆ సాయంత్రమే సావిత్రమ్మ ఇంటికి పోయి అడిగింది.

"నాలుగేండ్ల నుంచి నా చీర నీ చేతులనే పెడుతున్న. చెప్తందుకేముంది, వస్త" అంది సావిత్రమ్మ. చీర అప్పటికి వారం కిందటే లాండ్రీకి వచ్చి ఉంది.

*

మధ్యలో ఆదివారం సెలవు. ఆ రోజే బాలయ్య చెల్లెలి బిడ్డ ఈదమ్మ పెళ్ళి, వాళ్ళ ఊళ్ళో. పెళ్ళిలో ఉల్లెడ పట్టాల్సింది చాకలివాళ్ళే. నలుగురు నాలుగు కొసలు పట్టుకుని, పెళ్ళి జంట తలల పైన మంచి చీర ఒకటి పందిరిలా ఎత్తి పట్టి, విడిది నుంచి పెళ్ళి పందిట్లోకి నడిపిస్తారు. ఆ చీర ఎవరిది? చాకలివాళ్ళ మూటలో ఉన్నది. ఉతకడానికి వచ్చిన వాటిలో అందమైనది తీస్తారు. అడిగే ఆనవాయితీ లేదు. ఊళ్ళో అయితే మూటలోంచి తమ చీర పోయిందని తెలిస్తే ఆ ఇంటివాళ్ళు పొంగిపోయేవారు. "ఈసారి ఉల్లెడకు మాదే పోయింది" అని నలుగురికి చెప్పుకునేవారు.

భద్రమ్మ ఆదివారం పొద్దున లాండ్రీ తాళం తీసి, మూటల మధ్య నిలబడి, మీగడరంగు చీర తీసింది. మనసులో ఒక్క ప్రశ్న కూడా రాలేదు. చేతులు వాటంతట అవే తీశాయి. తల్లి తీసింది, అత్త తీసింది, ఈమే తీసింది. ఆ పట్టు అంచు గుండా ఎండ దిగితే కింద మనుషుల మీద ఏ రంగు పడుతుందో చూడాలని కూడా ఉండింది.

పడింది. పెళ్ళికూతురి మొహం మీద సన్నటి ఎర్రటి గీత, నడుస్తుంటే ఊగుతూ. ఈదమ్మ తల ఎత్తి చూసి, నలుగు పసుపు ఇంకా ఆరని వేలితో అంచును కింది నుంచి తాకింది.

"అత్తా, గీ చీర ఎవల్దే? గింత మంచిగున్నది!"

"తల వంచుకోని నడువే" అంది భద్రమ్మ. మళ్ళీ అడిగితే, నడుస్తూనే చెప్పింది.

సోమవారం పొద్దున ఆమె బడికి పోయింది. చీర బాలయ్యకు అప్పజెప్పి, "పెండ్లి దుమ్ము పడ్డది, ఒట్టి నీళ్ళల్ల జాడించు" అని చెప్పింది. బాలయ్య ఒట్టి నీళ్ళకు బదులు సబ్బు పెట్టాడు. నీడన ఆరేశాడు. ఇస్త్రీ చేసి, సావిత్రమ్మ వస్తే ఇచ్చేశాడు.

పదో రోజు సాయంత్రం భద్రమ్మ బడి నుంచి వచ్చేసరికి సావిత్రమ్మ లాండ్రీ బల్ల దగ్గర నిలబడి ఉంది. చీర విప్పి ఉంది.

"భద్రమ్మా, గిదేంది?"

అంచుకు పక్కన, మీగడరంగు మీద, ఎర్రటి చుక్క. చింతగింజంత. చూడగానే భద్రమ్మకు తెలిసిపోయింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది.

"పక్కబట్ట రంగు తగిలినట్టున్నదమ్మా" అన్నాడు బాలయ్య గబగబా. "మొన్న ఒక ఎర్ర రవిక..."

సావిత్రమ్మ ఆయన వైపు చూడలేదు. చుక్క మీద తన వేలు పెట్టింది. సరిపోయింది. "రంగు తగిలితె పారుతది. ఇది పారలేదు. ఇది వేలు" అంది. "ఇది పసుపు. నాలుగేండ్లాయె నా చెయ్యి పసుపు ముట్టక. ఎవల వేలిది?"

బాలయ్య అప్పటికే ఒక దారి తెరిచిపెట్టాడు. ఆ దారిన పోతే సరిపోయేది. ఎర్ర రవిక అని ఇంకొక్కసారి అంటే సావిత్రమ్మ నమ్మకపోయినా నోరు మూసుకుని పోయేది, ఎల్లుండి బడికీ వచ్చేది. భద్రమ్మకు పీపా పిడి కళ్ళ ముందు కనిపించింది. కానీ బట్ట గురించి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. అది మంచితనమో కాదో ఆమెకే తెలియదు. అలవాటు లేదు, అంతే.

"మా ఈదమ్మ వేలమ్మా. బాలయ్య మేనకోడలు. ఆదివారం దాని పెండ్లయింది. నీ చీర ఉల్లెడకు తీస్కపోయిన."

"నన్నడగకుండనా?"

"ఊర్ల అడుగరమ్మా..."

"ఇది ఊరా?"

భద్రమ్మ తల వంచుకుంది. ఆరేళ్ళ నుంచి పాలమూరులో ఉంటున్నా ఆ సంగతి ఆ క్షణంలోనే ఆమెకు పూర్తిగా తెలిసింది.

సావిత్రమ్మ చీర మడవబోయి ఆగింది. కోపంగా ఉన్న మొహం మెల్లగా వేరేగా మారింది. "అయితె పెండ్లిపిల్ల నెత్తి మీద నా చీర పట్టినరా? నేనెసొంటిదాన్నో నీకు తెల్వదా భద్రమ్మా? గా పిల్లకు ఏమన్న అయితె? పిలగానికి ఏమన్న అయితె?" చీరను బల్ల మీది నుంచి లాక్కుంది. "ఎంత పని చేసినవ్!"

చీర మూట కట్టుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది.

బాలయ్య, "వకీలు గుమాస్తాను అడుగుదాం. మనకోసం ఒక మాట చెప్తడు" అన్నాడు.

"వద్దు."

"మరి పీపా?"

భద్రమ్మ మర్నాడు తెల్లవారుతూనే మొదటి బస్సు దగ్గరికి పోయి, ఆత్మకూరు పోయే కండక్టరుతో ఈదమ్మ అత్తగారింటికి కబురు పంపింది. పిల్ల ఎట్లున్నదో, పిలగాడు ఎట్లున్నడో తిరుగు బస్సుకు చెప్పమన్నది.

*

పదకొండో రోజు ఏడాది ఆలోచన చెప్పాలి. మడేలయ్య లేచి, "దసరకు మస్తు వస్తయి, పెండ్లిండ్లకు మస్తు వస్తయి, వానలకు తక్కువొస్తయి" అని కూర్చున్నాడు. మిగతావాళ్ళూ దాదాపు అదే చెప్పారు. భద్రమ్మ బొగ్గుముక్క తీసుకుని గోడ దగ్గరికి పోయింది. పన్నెండు గీతలు గీసింది.

"పాలమూర్ల నీళ్ళు తాకరాని బట్టలు ఎన్నున్నయో చూసిన సారూ. బడి అయినంక కచేరి కాడ ఒకరోజు కూసున్న, టేషన్ కాడ ఒకరోజు. కోట్లు ముప్పై ఒకటి. షేర్వానీలు పద్నాలుగు. పట్టుచీరలు చూస్తందుకు పెండ్లి పందిట్లకే పోవాలె, గవి ఇంక లెక్క తేలలేదు. బళ్ళు తెరిసే నెల బదిలీలొస్తయి, కొత్త సార్లొస్తరు, వాళ్ళ కోట్లు రైలు దుమ్ము కొట్టుకోని ఉంటయి. గప్పుడు పోయి అడుగాలె, వాళ్ళు వచ్చేదాక కూసోవద్దు. చలి పోంగనే శాలువలు పెట్టెలల్ల పెడ్తరు. పెట్టకముందు ఉతికితె పురుగు పట్టది, గది వాళ్ళకు చెప్పేటోడు లేడు."

ఒక్కో గీత దగ్గర ఒక్కో బొమ్మ వేసుకుంటూ పోయింది. కోటు, గొడుగు, శాలువ. సారు తన కాగితాలు పక్కన పెట్టి ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు. మడేలయ్య కూడా నోరు తెరిచి చూశాడు.

చివరి గీత దగ్గర ఆమె ఆగింది. "ఒక మాట చెప్పాలె సారూ. లాండ్రీ దాటి బట్ట పోవద్దంటిరి. నేను దాటించిన." ఉల్లెడ సంగతి మొత్తం చెప్పింది. వినేవాళ్ళందరూ చాకలివాళ్ళే. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. కొందరు నేల చూపులు చూశారు. వాళ్ళ మూటల్లోంచి కూడా ఆ ఎండాకాలం చీరలు పోయి ఉంటాయి.

పన్నెండో రోజు అందరి గిరాకీలు వచ్చారు. మడేలయ్య కోసం ఒక దుకాణం సేటు వచ్చి, చాలాసేపు పొగిడాడు. భద్రమ్మ పక్కన బల్ల ఖాళీగానే ఉంది. సారు పెదవి కదిపేలోపు గుమ్మంలో సావిత్రమ్మ కనిపించింది. చంకలో చీర మూట. లోపలికి వచ్చి, సారును కాదు, ముందు భద్రమ్మను అడిగింది.

"గా పిల్ల ఎట్లున్నది?"

"బాగున్నదమ్మా. కబురొచ్చింది. మూడోనాడే అత్తతోటి కొట్లాడిందట. పిలగాడు పెండ్లాం దిక్కు మాట్లాడిండట. ఇద్దరు కలిసి నలుగురి అన్నం తింటున్నరట."

సావిత్రమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మా, మీ బట్టలు ఈమె దగ్గర పదిలంగ ఉంటయా?" అని సారు అడిగాడు.

"ఉండలేదు సారూ" అంది సావిత్రమ్మ. "నన్నడగకుండ నా చీరను ఊరు దాటించింది. నేను లేనిది ఎందుకు చెప్పాలె?" చంకలో మూట సర్దుకుంది. "గని దాపెట్టలేదు. ఆమె మొగడు అబద్ధం అందిచ్చినా అందుకోలేదు. మల్ల ఈమెకు ఇస్తవా అంటె, ఇస్త."

సీతారాములు సారు చాలాసేపు కాగితం చూశాడు. ఆ తర్వాత గోడ మీద బొగ్గు గీతలు చూశాడు. "పని నీదే బాగున్నది. ఆలోచన నీదే బాగున్నది. మూడో మాటకాడ ఆగిపోయినవ్ భద్రమ్మా. రాసుకున్న మాట నేను మార్చలేను" అన్నాడు.

పీపా మడేలయ్యకు పోయింది. ఎడ్లబండి మీదకు ఎక్కిస్తుంటే భద్రమ్మ దగ్గరికి పోయి, పిడి ఒక్కసారి తిప్పింది. లోపల ఖాళీ పీపా గలగలమంది.

*

ఇంటికి పోయే తొవ్వలో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసే నడిచారు. మాట సావిత్రమ్మే మొదలుపెట్టింది.

"ఎండల పట్టినరా, నీడల పట్టినరా?"

"ఎండల్నే అమ్మా. అంచు నీడ పిల్ల మొఖం మీద పడ్డది. ఎర్రగ."

"పడ్తది. అసలు పట్టు అది. ఆయన రంగు తానే కలిపిండు." కొన్ని అడుగులు నడిచింది. "పిల్ల ఎందుకు ముట్టింది?"

"మంచిగున్నదని. ఎవల్ది అని అడిగింది."

"నువ్వేం చెప్పినవ్?"

"పాలమూర్ల వెంకటనర్సు అని ఒకాయన పెండ్లాం కోసం నేసిండు అని చెప్పిన."

సావిత్రమ్మ నిలబడిపోయింది. నాలుగేళ్ళయింది ఆ పేరు ఎవరి నోటా విని. ఇంట్లో అందరూ ఆమె బాధపడుతుందని ఆ పేరు ఎత్తడం మానేశారు. తెలియని ఊళ్ళో, తెలియని పిల్ల పెళ్ళిలో, డప్పుల మధ్య ఎవరో ఆ పేరు చెప్పారు. ఎవరో విన్నారు.

"గంత మందిల చెప్పినవా?"

"పిల్ల అడిగితె చెప్పిన."

సావిత్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అన్నట్టు తుడుచుకుంది.

"చీర ఇటియ్యమ్మా" అంది భద్రమ్మ. "మూడు పూటలు ఎండకు పెడ్తె చుక్క పోతది. పసుపు ఎండకు ఆగదు."

"వద్దు, ఉండనీ" అని మూట చంకలోకి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది సావిత్రమ్మ. "ఈసారి అడిగి తీస్కపో."

*

ఆ ఎండాకాలం దాటక ముందే భద్రమ్మ లాండ్రీలో ఒక కొత్త పద్ధతి పెట్టింది. మంచి చీర బల్ల మీదికి వస్తే, "ఉల్లెడకు పోవచ్చునా?" అని అడిగేది. సరేనన్న వాళ్ళ చీర కొంగుకు పసుపు దారం పోగు కట్టేది. వద్దన్న వాళ్ళది బీరువాలో పెట్టి తాళం వేసేది. మొదట్లో జనం నవ్వారు. తర్వాత, ఎవరి చీర ఎవరి పెళ్ళికి పోయిందో తెలుసుకోవడానికే కొందరు లాండ్రీకి రావడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడాది సావిత్రమ్మ చీర గురించి భద్రమ్మ చుట్టాల్లో ఒక ముసలామె అడ్డం పడింది, మొగుడు పోయినామె చీర పెళ్ళికెట్లా అని. భద్రమ్మ వాదించలేదు. "ఈదమ్మను సూడుపో" అంది. ఈదమ్మకు అప్పటికి కవల పిల్లలు. ముసలామె అడ్డు తప్పుకుంది.

మడేలయ్య పీపా తెచ్చుకున్న ఐదు నెలలకు ఒక ఇంజనీరు గారి రబ్బరు వానకోటు అందులో వేసి తిప్పాడు. తీసేసరికి అది ఉబ్బి జావలా అయింది. ఆ జావ ఒక పళ్ళెంలో పట్టుకుని నేరుగా భద్రమ్మ దగ్గరికి వచ్చాడు.

"వదినె, గిది ఏమైంది?"

భద్రమ్మ దాన్ని వేలితో నొక్కి, సాగదీసి, వాసన చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఎగతాళీ లేదు. "రబ్బరు పెట్రోలు తాగుతదన్నట్టు! మరిదీ, ఎంతసేపు తిప్పితె గిట్లయ్యింది?" అని అడిగింది.

ఆ తర్వాత వారంలో మూడు రోజులు ఆమె స్టార్ లాండ్రీకి పోయి పీపా తిప్పడం మొదలుపెట్టింది. ఏ బట్ట వేయాలో, ఏది వేయకూడదో ఆమే చెప్పేది. మడేలయ్య బీడీ మానలేకపోయాడు కానీ, ఆమె వచ్చే రోజుల్లో వేపచెట్టు దాకా పోయి కాల్చుకునేవాడు. అరవై ఎనిమిదిలో పట్నం నుంచి రెండో పీపా వచ్చినప్పుడు అది బాలయ్య లాండ్రీకి వచ్చింది. అప్పటికి బాలయ్య కూడా బల్ల మీద కూర్చుని పాఠాలు వినే మనిషి అయ్యాడు, భద్రమ్మ దగ్గర.

సావిత్రమ్మ మాత్రం ఏడాదికోసారి రావడం మానేసి, పెళ్ళిళ్ళ రోజుల్లో వారానికోసారి వచ్చేది. చీర తిరిగి వచ్చిందేమో చూడడానికి. వచ్చిందంటే విప్పి, ఎర్రచుక్క ఉందా లేదా చూసుకునేది. తర్వాత ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని, ఒక కండె చేతిలో తిప్పుకుంటూ అడిగేది.

"ఈసారి పిల్ల పేరేంది?"

భద్రమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, పెళ్ళికూతురి పేరు నుంచి మొదలుపెట్టి చెప్పేది.